పన్నెండు వేలకు తక్కువ

భీమారావుకి కోపం వస్తే మూడు భాషలు చాలవు. తెలుగులో మొదలుపెట్టి, తమిళంలోకి జారి, మలాయ్‌లో ముగిస్తాడు. ముగించాక కూడా కాసేపు గొణుగుతాడు. అతని తాత ఎప్పుడో విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాడు. భీమారావు సింగపూర్‌లోనే పుట్టి, ముప్ఫై ఎనిమిదేళ్ళు ఓడరేవులో క్రేన్ నడిపి, ఇప్పుడు బుకిట్ బటోక్‌లో పదకొండో అంతస్తు ఫ్లాట్‌లో భార్య వీరమ్మను సతాయిస్తూ కాలక్షేపం చేస్తున్నాడు. డెబ్బై రెండేళ్ళు. గాలం వేయడం తప్ప వేరే వ్యసనం లేదు. ఆ ఒక్కటే పది వ్యసనాల పెట్టు.

రంగనాథ్ అతనికి చుట్టం కాడు, పక్కం కాడు. ఏడేళ్ళ కిందట కాకినాడ నుంచి పైచదువుకి వచ్చిన కొత్తలో, ఏమీ తోచక ఒక ఆదివారం జెట్టీ మీదికి గాలం పట్టుకుని వెళ్ళాడు. ఎర గుచ్చబోయి వేలికి గుచ్చుకుని "అమ్మనాయనో" అని అరిచాడు. పక్కనున్న ముసలాయన తిరిగి చూసి, "తెలుగోడివేటి? గాలం చేపకిరా, వేలుకి కాదు" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఆదివారాలన్నీ ఇద్దరివీ. అంకుల్, ఆంటీ అనే పిలుపులు ఎప్పుడు మొదలయ్యాయో ఎవరికీ గుర్తులేదు.

భీమారావుకి ఒకటే కోరిక. క్రేన్ నడిపే రోజుల్లో ఒకసారి కంటైనర్ తెరిస్తే లోపల మంచు పెట్టెలు, ఒక్కో పెట్టె మీద నీళ్ళలోంచి ఎగురుతున్న సాల్మన్ చేప బొమ్మ. "ఎన్ని వేల టన్నులు దింపానురా నేను! అన్నీ చచ్చినయ్యే, కట్టెల్లాగ బిగుసుకుపోయినయ్యే. ఒక్కటి, ఒకే ఒక్కటి, నదిలో ఎదురీదుతూ వస్తుంటే నా గాలానికి తగలాలి. చేత్తో పట్టుకుని చూసి వదిలేస్తాను. తినను. ఒట్టు." ఈ మాట రంగనాథ్ ఏడేళ్ళలో ఎన్నిసార్లు విన్నాడో.

మార్చిలో కంటి డాక్టర్ చెప్పిన మాట మాత్రం ఒక్కసారే విన్నాడు. నీటికాసులు. పక్కచూపు దాదాపు పోయింది, నడిమి చూపు మిగిలింది, వచ్చే ఏడాదికి అదైనా ఎంత మిగులుతుందో చెప్పలేమన్నారు. గొట్టంలోంచి చూసినట్టుంది అంటాడు భీమారావు. అప్పటి నుంచి బల్లకీ తలుపుకీ గుద్దుకోవడం, గుద్దుకున్న ప్రతిసారీ వాటినే తిట్టడం అలవాటైంది.

అందుకే రంగనాథ్ ఇక ఆలోచించలేదు. కెనడా పడమటి తీరాన ఒక నది, ఆగస్టులో పది రోజులు, పడవ మీద తప్ప చేరలేని ఒక చెక్కల క్యాంపు, ఇద్దరికీ గాలం వేయడానికి పర్మిట్లు. అన్నీ తానే బుక్ చేశాడు. ఈ ఆగస్టు దాటితే మరో ఆగస్టు ఉంటుందో లేదో ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ మాట అనలేదు.

ఆ నదినే ఎందుకు ఎంచుకున్నాడంటే, అతనికి తెలిసిన నది అదొక్కటే. చూడలేదు, తెలుసు. రంగనాథ్ పనిచేసే సైన్స్ పార్క్ ఆఫీసులో చేసేది చేపల లెక్క. ఆ నది అడుగున ఒక పరికరం శబ్దంతో బొమ్మలు తీస్తుంది, ఆ బొమ్మలు ఇక్కడికి వస్తాయి, ఇక్కడ కూర్చున్నవాళ్ళు ఎన్ని చేపలు పైకి ఎక్కాయో లెక్కపెడతారు. నల్లటి తెర మీద నారింజ రంగు మరకలు, అంతే. సాల్మన్ నడిమధ్యలో ఈదదు, వడి తక్కువగా ఉండే ఒడ్డునే పట్టుకుని పోతుంది కాబట్టి మరకలన్నీ తెర ఎడమ అంచునే కదులుతాయి. మూడేళ్ళలో రంగనాథ్ లక్షల చేపలను లెక్కపెట్టాడు. ఒక్కదాని పొలుసు కూడా చూడలేదు. ఈ సంగతి భీమారావుకి ఎప్పుడూ చెప్పలేదు. కంప్యూటర్ పని అన్నాడు. చేపను చూడకుండా లెక్కపెట్టే ఉద్యోగమని చెబితే ఆయన ఏడిపించి చంపుతాడని భయం.

ఆ నదికి ఒక నియమం ఉంది. జులై ముగిసేసరికి పన్నెండు వేల చేపలు పైకి చేరాలి. చేరకపోతే ఆ ఏడాదికి గాలం బంద్. గుడ్లు పెట్టడానికి వెళ్ళే చేపలే తక్కువైతే, వాటిని సరదాకి పట్టనివ్వడం ఏ మొహం పెట్టుకుని? న్యాయమైన నియమమే. రంగనాథ్ మూడేళ్ళుగా ఆ మాటే నమ్ముతున్నాడు. నమ్మడానికి అప్పట్లో ఏ ఇబ్బందీ లేదు.

జులై ఆఖరి రోజు, గురువారం, లెక్క తేలలేదు. ఆఫీసులో ప్రతి వీడియో క్లిప్పునూ ఇద్దరు విడివిడిగా లెక్కపెడతారు. అభిజిత్ లెక్క పదకొండు వేల ఆరు వందల పది. కావ్యశ్రీది పన్నెండు వేల నూట నలభై. తేడా వస్తే మూడోవాడు చూసి తేల్చాలి. ఆ మూడోవాడు రంగనాథ్. అతను ఏ లెక్క దగ్గర టిక్ పెడితే అది, రెండూ తప్పయితే అతని లెక్క, నది అధికారులకు పోతుంది.

కావ్యశ్రీ లెక్క చూడగానే అతని ప్రాణం లేచొచ్చింది. ఆ అమ్మాయి చేరి రెండు నెలలే అయినా జాగ్రత్తపరురాలు, నెమ్మదస్తురాలు. ఆమెదే రైటై ఉంటుంది. అభిజిత్‌కి ఎప్పుడూ తొందరే. ఇలా తనకు తాను చెప్పుకుంటూ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

అరగంటలోనే తెలిసిపోయింది. కొన్ని చేపలు పైకి ఎక్కి, అలిసిపోయి, కిందికి జారి, మళ్ళీ ఎక్కుతాయి. జారినదాన్ని తీసేయాలి. లేకపోతే ఒక్క చేపే రెండు మూడు చేపలవుతుంది. కావ్యశ్రీ రెండు రోజుల క్లిప్పుల్లో ఎక్కినవాటిని కలిపింది, జారినవాటిని తీసేయలేదు.

ఆ తప్పు ఇంకెవరూ పట్టుకోరు. ఆమె అంకె పక్కన ఒక్క టిక్ పెడితే నది తెరుచుకుంటుంది. రంగనాథ్ ఆ టిక్ వైపు చూస్తూ కాఫీ చల్లారిపోయేదాకా కూర్చున్నాడు. అయిదు వందల చేపలు. అంత పెద్ద నదిలో అయిదు వందలు ఎంత? ఈ ముసలాయన ఒక్క చేపను పట్టి వదిలేస్తే ఏ వంశం నాశనమవుతుంది? అయితే ఆ పర్మిట్లు ఆయన ఒక్కడికే కాదు. నది తెరిస్తే మూడు వందల గాలాలు పడతాయి. ఈ సంగతి రంగనాథ్‌కి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అదే అతని ఖర్మ. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. ప్రతి మరకకూ ఇంకొకటి రావాలని మొక్కుకుంటూ లెక్కపెట్టాడు. అతని లెక్క అభిజిత్ లెక్క కంటే ఇరవై తగ్గింది.

"సారీ సర్, డౌన్ వెళ్ళినవి మైనస్ చెయ్యడం మర్చిపోయాను. చాలా పెద్ద మిస్టేకా?" అంది కావ్యశ్రీ, మొహం చిన్నబుచ్చుకుని.

"పర్లేదులెమ్మా, దొరికింది కదా" అన్నాడు. ఎందుకు దొరికిందా అని ఏడుపొచ్చింది. పదకొండు వేల అయిదు వందల తొంభై అని కొట్టి, పంపేశాడు.

మర్నాడు క్యాంపువాళ్ళ మెయిల్ వచ్చింది. నది మూసేశారు, క్యాంపు తెరవడం లేదు, మన్నించండి.

శనివారం పొద్దున్న రంగనాథ్ బుకిట్ బటోక్ వెళ్ళేసరికి భీమారావు బ్లాకు కింద గడ్డిలో ఉన్నాడు. కొత్త రాడ్‌తో దారం విసరడం సాధన చేస్తున్నాడు. కొక్కేనికి బదులు ఎర్ర ఊలు ముక్క కట్టుకున్నాడు. పోయిన వారం ఆ ఊలు ముక్క ఎవరో చైనీస్ ఆంటీ జుట్టులో చిక్కుకుని పెద్ద గొడవైందట. వీరమ్మ బెంచీ మీద కూర్చుని, రెండు జతల ఉన్ని మేజోళ్ళకు రంగుదారంతో గుర్తులు కుడుతోంది, చూపు ఆననివాడు రంగునిబట్టైనా తనవి గుర్తుపడతాడని.

"రారా రంగా! చూడు, నలబై అడుగులు పోతాంది. ఇకాన్, అదే చేప, ఎక్కడున్నా సరే, నా ఊలు అక్కడికి ఎల్తాది."

"అంకుల్, కూర్చోండి. ఒక మాట చెప్పాలి."

"నిలబడే చెప్పు, కాళ్ళు బానే ఉన్నాయి. చెడింది కళ్ళే గదా."

"నది క్లోజ్ చేశారు అంకుల్. ఈ సంవత్సరం ఫిషింగ్ లేదు."

భీమారావుకి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమై, కోపమొచ్చింది. "మూసేసినారా? నదిని మూసీడానికి అదేటి తిండి కొట్ల హాకర్ సెంటరా, కడుక్కుని తెరవడానికి?" అని మొదలుపెట్టాడు. "సముద్రంలో వలలేసి టన్నులు టన్నులు లాగినోళ్ళని ఎవడూ అడగడు. ఆ టన్నులు దింపింది నేను గదా, నాకు తెలీదా? ఒక్కదాన్ని పట్టి ముద్దెట్టుకుని వదిలేస్తానన్న ముసలోడు దొరికాడు ఈళ్ళకి! చేపలు తగ్గాయని ఎవడు చెప్పాడు? ఏ ఏసీ గదిలోనో కూకున్నోడు, జన్మలో గాలం పట్టనోడు, వేళ్ళ మీద లెక్కెట్టి ఉంటాడు." అక్కడి నుంచి తమిళం, ఆ తర్వాత మలాయ్. గడ్డి కోసే మనిషి మిషన్ ఆపి చూశాడు.

ఊపిరాడక ఆగాక, గొంతు తగ్గించి అడిగాడు. "పోనీ, పట్టం. చూసొద్దాం."

"క్యాంపు తెరవట్లేదు అంకుల్. పడవ నడపరు."

"ఇంకో నది?"

"దగ్గర్లోవన్నీ మూసేశారు. తెరిచిన రెండింటికీ పర్మిట్లు ఎప్పుడో అయిపోయాయి. నేను అందరికీ ఫోన్ చేశాను."

"అయితే సరేలే, వచ్చే ఏడు..." అన్నాడు భీమారావు. వీరమ్మ కుడుతున్న మేజోడు ఒళ్ళో పెట్టుకుని, దారం పళ్ళతో కొరికి తెంపింది.

రంగనాథ్ ఇక ఉండబట్టలేకపోయాడు. "లెక్కపెట్టింది నేనే అంకుల్" అన్నాడు. తన ఉద్యోగం, ఆ పరికరం, నారింజ మరకలు, కావ్యశ్రీ తప్పు, పన్నెండు వేల నూట నలభై, అన్నీ చెప్పేశాడు. "ఒక్క టిక్ పెడితే వెళ్ళేవాళ్ళం. పెట్టలేకపోయాను."

భీమారావు తిడతాడనుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆయన రాడ్‌ను బెంచీకి ఆనించబోయాడు, బెంచీ అంచు కనబడక అది కింద పడింది. తీయలేదు.

"నీ దగ్గరుందా, ఆ బొమ్మ?"

"ట్రైనింగ్ క్లిప్పొకటి ఉంది. ఆ నదిదే. ఒక నిమిషం."

"చూపించు."

రంగనాథ్ బెంచీ మీద ల్యాప్‌టాప్ తెరిచాడు. భీమారావు నేల మీద చతికిలబడి, తెరకు జానెడు దూరంలోకి మొహం తెచ్చి, రెండు చేతులూ కళ్ళకు అటూ ఇటూ అడ్డం పెట్టుకున్నాడు. నల్లటి నీళ్ళు, నడిమధ్యలో ఖాళీగా, మినుకుమినుకుమంటూ పారుతున్నాయి. ఆయన ఆ నడిమధ్యకే చూపు గుచ్చి కదలకుండా చూస్తున్నాడు. ఎడమ అంచున ఒక నారింజ మరక ఎక్కింది. దాని వెనకే ఇంకొకటి.

"ఎడం పక్క అంకుల్, అంచున" అన్నాడు రంగనాథ్.

భీమారావు నెమ్మదిగా తల తిప్పాడు. ఆయన తిప్పేసరికి అవి దాటిపోయాయి. "ఏదీ?" అన్నాడు. మళ్ళీ నడిమికి వచ్చాడు. అంచున మూడు ఒకేసారి పోయాయి, తోకలు కూడా స్పష్టంగా కనబడ్డాయి. రంగనాథ్ తెర వైపు చాపబోయిన వేలు మడిచేసుకున్నాడు. క్లిప్పు అయిపోయి తెర నిలిచిపోయాక కూడా భీమారావు కాసేపు చూస్తూనే ఉన్నాడు.

తర్వాత చేతులు దించి, రంగనాథ్ మోకాలు తడుముకుని, దాని మీద రెండుసార్లు తట్టాడు.

"ఒక్కటీ రాలేదురా" అన్నాడు. "నువ్వు సరిగ్గానే లెక్కెట్టావు. నేనే అనవసరంగా నోరు పారేసుకున్నాను."

ఆ నిమిషంలో పదకొండు చేపలు పైకి వెళ్ళాయి. రంగనాథ్ ల్యాప్‌టాప్ మూసి, "అవునంకుల్" అన్నాడు.