పాత ధనశేఖర్

పరీక్ష గదిలో బల్ల మీద ఈ ఏడు కూడా వేరుశనక్కాయల పళ్లెం పెట్టారు. నేను వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను.

కాలేజీ తిరుపతి ఊరి చివర ఉంటుంది. రోగుల్ని మళ్లీ రోజువారీ పనుల్లో పెట్టే ఆక్యుపేషనల్ థెరపీ చదివే పిల్లలకు మానసిక ఆరోగ్యం పాఠం వచ్చినప్పుడు అక్కడ నేనూ ఒక టీచరునే. జయంతి మేడం పాఠం చెబుతారు, నేను నా కథ చెబుతాను. శ్రీ సిటీలో ఏసీల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో పని చేసేవాణ్ణి. మైకులో వచ్చే ప్రతి ప్రకటనా నా గురించేనని నమ్మడం మొదలైంది. ఉద్యోగం పోయింది. పూతలపట్టులో మా అక్క హేమశ్రీ ఇంట్లో బియ్యం మూటల పక్కన నెలల తరబడి నోరు విప్పకుండా కూర్చున్నాను. ఆసుపత్రిలో అందరూ ఎదురుగా కూర్చుని ప్రశ్నలు అడిగారు. ఒక థెరపిస్టు మాత్రం ఏమీ అడగలేదు. పక్కగా కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఉండిపోయింది. కొన్నాళ్లకు నేనూ ఒక కాయ తీసుకున్నాను. ఇంకొన్నాళ్లకు ఒక పలుకు నమిలి, "ఇది చేదు" అన్నాను. అదే నా మొదటి మాట.

క్లాసులో ఇక్కడికి వచ్చేసరికి ఎవరో ఒకరు కళ్లు తుడుచుకుంటారు. మొదటి ఏడాది నేనూ తుడుచుకున్నాను. తర్వాత్తర్వాత ఎక్కడ ఆగితే వాళ్లు కళ్లు తుడుచుకుంటారో తెలిసిపోయింది. నేను ఆగుతాను, వాళ్లు తుడుచుకుంటారు.

నా కథ అయ్యాక మేడం బోర్డు మీద 'రికవరీ' అని రాస్తారు. జబ్బు పూర్తిగా పోవడం కాదు, జబ్బు ఉన్నా తన బతుకు తిరిగి తన చేతికి రావడం అని చెబుతారు. ఏం కావాలో రోగి చెప్పాలి, మనం కాదు అంటారు. ఆమె ఆ మాట నమ్మి చెబుతారు. అందులో నాకు ఎప్పుడూ అనుమానం రాలేదు.

ప్రాక్టికల్ పరీక్ష కూడా ఆమె ఆలోచనే. పుస్తకంలో చదివింది అప్పజెప్పడం కాకుండా, మనిషి ముందు ఎలా కూర్చుంటారో చూడాలన్నారు. అందుకు ఒక మనిషి కావాలి. "మీరు పాత ధనశేఖర్‌లా కూర్చోండి, చాలు" అన్నారు. ఒక్కో విద్యార్థి వచ్చి కాసేపు నాతో గడుపుతాడు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు మూల నుంచి చూసి మార్కులు వేస్తారు. నేను తల వంచుకుని, చొక్కా చేతి అంచున దారం లాగుతూ, మొదట దేనికీ పలక్కుండా ఉండాలి. ఎవరైనా ఓపికగా కూర్చుంటే ఒక మాట అనాలి.

ఈ సంగతి సీనియర్ల నుంచి జూనియర్లకు పాకింది. వాళ్లు దీన్ని కాయల పరీక్ష అంటారు. లోపలికి వచ్చినవాడు నమస్కారం పెట్టి, కుర్చీని కొంచెం పక్కకు జరిపి, పళ్లెం దగ్గరికి లాక్కుని, నా వైపు చూడకుండా కాయలు ఒలవడం మొదలుపెడతాడు. ఒకడు ఒలుస్తూ ఒలుస్తూ గుసగుసగా, "అన్నా, తొందరగా చేదనండన్నా, టైమైపోతాంది" అన్నాడు. నేను చేదు అన్నాను. వాడికి మంచి మార్కులు వచ్చాయి.

నటించడం కష్టం కాదు. కష్టం లేకపోవడమే నా భయం. తల వంచగానే మెడ తన పాత కోణాన్ని వెతుక్కుంటుంది. వేళ్లకు దారం దొరుకుతుంది. గొంతులు దూరమవుతాయి. మాట్లాడనక్కర లేకపోవడంలో ఒక వెచ్చదనం ఉంటుంది, తెల్లవారుజామున దుప్పటిలో ఉండేలాంటిది. పరీక్ష అయ్యాక మేడం నా భుజం తట్టి "అయిపోయింది, ధనశేఖర్" అంటే, ఆ మాట ఇద్దరిలో ఎవరితో అంటున్నారో తేల్చుకోవడానికి నాకు కొంతసేపు పట్టేది. పోయిన ఏడు ఆ కొంతసేపు ఇంకాస్త పెరిగింది. బస్సులో కూడా పాత ధనశేఖరే కూర్చున్నాడు. కండక్టరు ఊరు పేరు రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

అందుకే ఈసారి పరీక్షలకు ముందే మేడం గదికి వెళ్లాను. ఆ పాత్ర ఇక వెయ్యనని, కావాలంటే మార్కులు వేసే పక్క కూర్చుంటానని చెప్పాను. ఎవరు నిజంగా కూర్చున్నారో, ఎవరు కాయలు మాత్రం ఒలిచారో నాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది అన్నాను. ఆమె చేతిలో పెన్ను పక్కన పెట్టి నా ముఖంలోకి చూశారు. ఆ చూపు నాకు తెలుసు. మెత్తగా ఉంటుంది, దాని వెనక లెక్క ఉంటుంది.

"రాత్రిళ్లు నిద్ర పడుతోందా, ధనశేఖర్?"

పడుతోందన్నాను. మందులు మానలేదు కదా అని అడిగారు. లేదన్నాను. ఇంట్లో ఏమైనా గొడవలా అన్నారు. అప్పటికి నాకు కోపం వచ్చేసింది. అందరికీ కోపం వస్తుంది. నాకు వస్తే అది జబ్బు లక్షణం. దాన్ని మింగి, నవ్వి, ఊరికే అడిగానని, అలాగే కూర్చుంటానని చెప్పి వచ్చేశాను. ఆమె ముఖం తేటపడింది.

కాబట్టి కూర్చున్నాను. మధ్యాహ్నానికి నా కాళ్ల దగ్గర పొట్టు పేరుకుంది. ఎగ్జామినరు పరంధామయ్య గారు చెన్నై నుంచి వచ్చిన పెద్దాయన. పాత పద్ధతి మనిషి, కానీ ప్రతి ఒక్కరినీ శ్రద్ధగా చూస్తున్నారు. నాలో చప్పుళ్లు దూరమవుతూ వచ్చాయి. దారం తెగితే ఇంకో దారం దొరికింది. లేవాలనుకున్నాను. లేస్తే ఏమవుతుందో ముందే కనిపించింది: మేడం మెత్తని చూపు, అక్కకు ఫోను, డాక్టరు దగ్గర వరస. కూర్చుంటే ఏమవుతుందో కూడా తెలుస్తూనే ఉంది. రెండూ ఒకే చోటికి తెరుచుకునే తలుపులు.

నవీన వచ్చింది. క్లాసులో వెనక బెంచీ పిల్ల, ఎప్పుడూ కళ్లు తుడుచుకున్నది కాదు. కుర్చీ జరపలేదు. పళ్లెం ముట్టుకోలేదు. చాలాసేపు ఊరికే కూర్చుంది. తర్వాత పుస్తకంలో ఉన్న ప్రశ్నే అడిగింది.

"మీకు ఇప్పుడేం చేయాలనుంది?"

చేదు అనడానికి నోరు తెరిచాను.

"ఈ కుర్చీలోనుంచి లేవాలని ఉండాది" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. "పరీక్ష కోసం అంటున్నారా అన్నా, నిజంగానా?"

"నిజంగానే."

"అయితే లేవండి."

అంతే. ఆమె కూడా లేచి తలుపు తీసింది. ఇద్దరం వరండాలోకి వచ్చి పిట్టగోడ దగ్గర నిలబడ్డాం. కింద ఎవరో స్కూటరు స్టార్టు చేయలేక తంటాలు పడుతుంటే దాన్నే చూస్తున్నాం. నా చెవుల్లోకి చప్పుళ్లు తిరిగి వచ్చాయి.

లోపలికి పిలిచారు. పేషెంటు గది దాటితే పరీక్ష పోయినట్టే, అది భద్రతకు సంబంధించిన నియమం. పరంధామయ్య గారు కోపగించుకోలేదు, కానీ రేపు నిజమైన పేషెంటు ఇట్లా లేచి రోడ్డు మీదికి పోతే ఏం చేస్తావమ్మా అని అడిగారు.

"ఆయన పేషెంటుగా అడగలేదు సార్" అంది నవీన. "తనకు చాలనిపించి అడిగినారు. నేను అడిగి తెలుసుకున్నాను."

పరంధామయ్య గారు నా వైపు తిరిగేలోపు మేడం నన్ను పక్కకు తీసుకువెళ్లారు. గొంతు తగ్గించి, అదంతా నటనలో భాగమేనని చెప్పమన్నారు. కొత్తగా ఉంటుందని నేనే కలిపానని. అలా చెబితే నవీన తప్పినా మళ్లీ పరీక్ష రాసుకోవచ్చు, ఆరు నెలలు ఎంతలోకి వస్తాయి. కానీ పరీక్ష మధ్యలో లేచిపోయాడనే మాట ఆఫీసుకు చేరితే మిమ్మల్ని ఇక్కడ ఉంచుకోవడం నా చేతిలో ఉండదు అన్నారు. నన్ను ఈ కాలేజీలోకి తేవడానికి ఆమె ఎంతమందితో వాదించారో నాకు తెలుసు. నన్ను కాపాడుతున్నారు. అబద్ధం చెబితే నేను బాగున్నవాణ్ణి. నిజం చెబితే బాగాలేనివాణ్ణి.

నవీన తలుపు దగ్గరే నిలబడి ఉంది. నా వైపు చూడటం లేదు. నన్ను ఇబ్బంది పెట్టకూడదనే చూడటం లేదని అర్థమైంది.

"నేను నటించలేదు సార్" అన్నాను పరంధామయ్య గారితో. "ఆ పాప తప్పు చెయ్యలేదు. పొద్దుటినుంచి ఇంతమంది వచ్చినారు, నన్నడిగింది ఆ పాపొక్కటే."

ఆయన కాగితం మీద ఏదో కొట్టేసి, ఏదో రాసి, ఆ అమ్మాయిని వెళ్లమన్నారు, ప్యాసయ్యావని కూడా చెప్పారు. మిగిలినవాళ్ల కోసం పేషెంటుగా ఒక పీజీ విద్యార్థిని కూర్చోబెట్టారు. అతనికి దారం లాగడం ఎవరూ నేర్పలేదు. కాళ్లు ఊపుతూ కూర్చున్నాడు.

వరండాలో మేడం నా పక్కకు వచ్చారు.

"ముందే నాకు చెప్పి ఉండాల్సింది."

"చెప్పినాను మేడం. మీరు నిద్ర గురించి అడిగినారు."

ఆ నిమిషంలో ఆమె కూడా ఏదో గదిలో ఇరుక్కున్నట్టు కనిపించారు. నాకు జాలి వేసింది, దాంతోపాటు కొంచెం సంతోషం కూడా వేసింది. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోమని, డాక్టరును ఒకసారి కలవమని, అక్కతో తాను మాట్లాడతానని చెప్పి లోపలికి వెళ్లిపోయారు.

చిత్తూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని అక్కతో ఏమనాలో కూర్చుకుంటూ వచ్చాను. అన్ని వాక్యాలూ మెత్తగా వచ్చాయి. గట్టిగా ఉన్న ప్రతి వాక్యాన్నీ నేనే కొట్టేస్తూ వచ్చాను. ఊరు వచ్చేసరికి ఒక్కటీ మిగల్లేదు.

బావ మామిడి గుజ్జు లారీ మీద ఎక్కడో ఉన్నాడు. అక్క ఒక్కతే ఉంది. ఫోను అప్పటికే వచ్చేసిందని గుమ్మంలోనే తెలిసింది, ఎందుకంటే కాళ్లు కడుక్కోమని కూడా అనలేదు. పీట వేసి, సంగటి పెట్టి, పక్కన కూర్చుంది. జబ్బు రాకముందు మా అక్క నన్ను గరిటెతో కొట్టేది. జబ్బు వచ్చాక ఒక్క మాట అనలేదు.

"నేనింక ఆ పనికి పోనక్కా" అన్నాను.

"సరేలే, తిను."

"పోనంటాండాను."

"సరేలే నాయనా. ముందు తిను."

నాయనా. చిన్నపిల్లవాణ్ణి అన్నట్టు. గిన్నె పక్కకు తోశాను. "సరేలే అనొద్దు. నేను సెప్పేది ఇను" అన్నాను. గొంతు ఇల్లంతా వినిపించింది. అక్క చెయ్యి ఫోను మీదికి పోయింది. నేను చూశాను. నేను చూసినట్టు ఆమె చూసింది.

"చేసుకో" అన్నాను. "డాక్టరుకు చెయ్యి, మేడంకు చెయ్యి. వాళ్లొచ్చినా నేను సెప్పేది ఇదే."

ఆమె ఫోను ఎత్తింది. నొక్కలేదు. దాన్ని నేల మీద పెట్టింది, కాదు, పడేసింది.

"ఏం సెప్తావురా నువ్వు" అంది. "ఏం సెప్తావు? మీ మేడం నన్ను కూడా కూచోబెట్టి పాఠం సెప్పింది, తెలుసా? వాడి ముందర గట్టిగా మాట్లాడొద్దు, తిట్టొద్దు, ఏమన్నా సరే అను అని. ఈ ఇంట్లో నేను గట్టిగా దగ్గి ఎన్నేండ్లయింది? నీ మొగం సూసి కూర్లో ఉప్పేసుకోవాల నేను. నీ బావతో కొట్లాడాలంటే మిద్దె మీదికి పోతాండాను."

నాకు ఇది తెలియదు. నేను ఒక్కణ్ణే గొంతు తగ్గించుకుని బతుకుతున్నాననుకున్నాను.

"అయితే నన్నేం చెయ్యమంటావు" అన్నాను.

"నన్నడుగుతావేం? ఆ పని మానేసి ఇంకేం పని చేస్తావు, అది సెప్పు ముందు. ఇంట్లో కూచుంటానంటే మాత్రం నేనొప్పుకోను."

"కూచుంటానని ఎవరన్నారు?"

"మరి యాడికి పోతావు?"

పిల్లలకు పాఠం చెప్పే పనే కావాలి గానీ ఆ కుర్చీ వద్దు అన్నాను. అది ఇస్తారా అని ఆమె అడిగింది. ఇవ్వరు అన్నాను. ఇవ్వకపోతే అని ఆమె మళ్లీ అడిగింది. ఆమె ముఖం ఎర్రబడింది, మెడ నరాలు ఉబ్బాయి. నాకు కోపం ఇంకా పెరిగింది, ఎందుకంటే ఆమె అడిగేది న్యాయమే. రేపు నేను ఎక్కడికి వెళ్లాలో ఇద్దరికీ తెలియదు.

"సంగటి సల్లారిపోతాంది" అని అరిచింది. "తింటూ కొట్లాడు."