శుక్రవారం టికెట్టు

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఆయన అందరితో అంటుంటాడు. ముక్కు మీదే ఉంటే తుమ్మినప్పుడు ఎగిరిపోయేది కదా. నాది చేతుల్లో ఉంటుంది. కోట్లు కుట్టే దర్జీని నేను. బట్టనైతే పదిసార్లు కొలిచి గాని కత్తెర పెట్టను. మనుషుల దగ్గరికొచ్చేసరికి కొలతా లేదు, గిలతా లేదు, కత్తెరే ముందు నడుస్తుంది. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. ఎందుకంటే ఒక ట్రావెల్ ఏజెంటు చేసిన తప్పుకి నష్టపరిహారం అడుగుతూ ఇరవై రోజులు అతని ఆఫీసు చుట్టూ తిరిగాను, ఆ కథే చెప్పబోతున్నాను.

నాకొక చెల్లెలు. పదకొండేళ్ళ కిందటి దాకా ఇద్దరం ఒకే షాపులో, ఒకే బల్లకి చెరో వైపు నిలబడి పనిచేసేవాళ్ళం. ఒకసారి ఒక పెద్దాయన ఎక్కడో దూరదేశంలో కొన్న ఉన్నిబట్ట తెచ్చి కోటు కుట్టమన్నాడు. అలాంటి బట్ట మళ్ళీ దొరకదు. కోటు చేతులు కత్తిరించేటప్పుడు చెల్లెలు రెండోదానికి బట్ట తిరగేయడం మరిచిపోయింది. రెండు చేతులూ ఎడమవే వచ్చాయి. కొత్తగా పని నేర్చుకునేవాళ్ళు చేసే తప్పు అది. ఆ పెద్దాయన ముందే, ఇంకో నలుగురు వింటుండగా, "నువ్వు కత్తెర పట్టడానికి పనికిరావు, ఇంకోసారి నా బల్ల ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతాను," అన్నాను. అది కత్తెర బల్ల మీద పెట్టింది, ఒంటి మీది దారప్పోగులు దులుపుకుంది, మెట్లు దిగి వెళ్ళిపోయింది. ముందు ఊరు వదిలింది, తర్వాత దేశం వదిలింది. ఫోను నంబరు నేను అడగలేదు, అది ఇవ్వలేదు.

పదకొండేళ్ళకి ఉత్తరం వచ్చింది. మొత్తం నాలుగు వాక్యాలు. ఫలానా తారీఖున, మా ఊరికి రెండు గంటల విమాన దూరంలో ఉన్న పెద్ద విమానాశ్రయంలో తను విమానం మారుతుందట. పన్నెండు నుంచి నాలుగు దాకా ఖాళీయట. బయటి హాల్లో పెద్ద గడియారం కింద కూర్చుంటాను, రావాలనిపిస్తే రా అక్కా, అని రాసింది. "అక్కా" అన్న మాట దగ్గర కలం ఆగినట్టుంది, అక్కడ సిరా కొంచెం ముద్దగా ఉంది. నేనా సిరా ముద్దని చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఇస్త్రీపెట్టె కింద బట్ట మాడిన వాసన వచ్చాక లేచాను.

ఆ ఉత్తరం ఎక్కడెక్కడ ఊరేగి వచ్చిందో గాని, నాకు అందేసరికి మంగళవారం సాయంత్రమైంది. తారీఖు చూస్తే గురువారం. పక్కవీధిలోని ట్రావెల్ ఏజెంటు దగ్గరికి పరుగెత్తాను. "ఎల్లుండి పొద్దున వెళ్ళి ఎల్లుండి రాత్రికల్లా తిరిగి రావాలి," అన్నాను. ఎల్లుండి అన్నాను, అంతే. మా పనిలో అలాగే మాట్లాడతాం. రేపు ట్రయల్, ఎల్లుండి డెలివరీ. ఆయన గోడ మీద క్యాలెండరు చూశాడు, వేళ్ళ మీద లెక్కపెట్టాడు, టికెట్టు తీసి మడిచి ఇచ్చాడు.

ఆ మడత నేను విప్పలేదు. కుట్టులో ఒక్క పోగు తేడా ఉన్నా పట్టేసేదాన్ని, ఆ కాగితం మాత్రం విప్పి చూసుకోలేదు. విప్పితే లోపలున్నది ఆవిరైపోతుందేమోనని భయం. బుధవారమంతా నా కాళ్ళు నేల మీద లేవు. బల్లకి అటువైపు ఎవరో నిలబడ్డట్టు అనిపించి రెండుసార్లు సుద్దముక్క అందించబోయాను. దాన్ని చూడాలని నాకు అంత ఆశగా ఉందని ఆ రోజే తెలిసింది.

గురువారం పొద్దున విమానాశ్రయం కౌంటరులో అమ్మాయి టికెట్టు విప్పి చూసి, "ఇది రేపటిదండి," అంది. ఇవాళ్టి విమానంలో ఒక్క సీటు కూడా లేదంది. అగ్గిమీద గుగ్గిలమయ్యాను. ఆ పిల్ల నిదానంగా, "రేపు ఇదే టైముకి మీ సీటు మీకు ఉంటుందండి," అని చిలక్కి చెప్పినట్టు చెప్పింది. "రేపు నాకెందుకు, నువ్వే వెళ్ళు," అని టికెట్టు నాలుగు ముక్కలు చేసి ఆ కౌంటరు మీదే పడేసి వచ్చేశాను.

"చింపకుండా ఉండాల్సింది," అన్నాడు, నన్ను విమానం ఎక్కించడానికి వెంట వచ్చిన మా ఆయన, తిరుగు బస్సులో.

"ఎందుకు, పటం కట్టించుకోవడానికా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నాతో ముప్ఫై ఏళ్ళు కాపురం చేసినవాడికి ఎప్పుడు కిటికీ చూడాలో బాగా తెలుసు.

మర్నాడు శుక్రవారం, సరిగ్గా పన్నెండింటికి ఏజెంటు ఆఫీసులో కూర్చున్నాను. ఆయన ఎవరితోనో ఫోనులో ఉన్నాడు. అదొక పొడుగాటి గది. గోడల నిండా రంగు వెలిసిన సముద్రాలు, మంచుకొండలు. పైకప్పు నుంచి దారంతో వేలాడే బొమ్మ విమానం ఫ్యాను గాలికి మెల్లగా తిరుగుతూ ఉంది. ఎటు ముఖం పెట్టినా మళ్ళీ గోడ వైపే వస్తోంది. దాన్ని చూస్తూ చూస్తూ, తిట్లన్నీ నోట్లో పేర్చుకుని ఉన్నదాన్ని, అలాగే కునుకులోకి జారిపోయాను.

కలలో తెల్లటి పెద్ద హాలు. గడియారం కింద మా చెల్లెలు కూర్చుని ఉంది. ఒంటి మీద ఆ ఉన్నికోటు, రెండూ ఎడమచేతులే, అయినా దానికి చక్కగా అమిరాయి. ఎదురుగా గాజు తలుపులు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. బయటికి వస్తున్న ఒక్కొక్క ముఖాన్నీ అది చూస్తోంది. చూసి, కాదని తల దించుకుంటోంది. నేను పిలుద్దామంటే నోట్లో గుండుసూదులున్నాయి. మా వృత్తిలో నోట్లో సూదులు పెట్టుకుని మాట్లాడకూడదు కదా. అలా నోరు మూసుకునే నిలబడ్డాను, హాలు మెల్లగా మసకబారింది.

మెలకువ వచ్చేసరికి నాలుగైంది. ఏజెంటు లేచి గోడ దగ్గరికి వెళ్ళి, క్యాలెండరులో పై కాగితాన్ని చింపి, ఉండ చేసి బుట్టలో వేశాడు.

"ఇంకా నాలుగే కదా. ఇవాళ్టిది ఇప్పుడే చింపారేం?" అన్నాను కళ్ళు నులుముకుంటూ.

"రోజూ ఇంతేనమ్మా. జనమంతా ఫోనులోనే టికెట్లు కొనుక్కుంటున్నారు. నాలుగు దాటాక ఇక్కడికి ఎవరు వస్తారు? ఇవాళ ఎలాగూ అయిపోయింది, రేపైనా ఎవరో ఒకరు వస్తారని రేపటిది ముందే పెట్టుకుంటాను," అన్నాడు. అని, అలాగే ఆగిపోయాడు. వేళ్ళు ఒక్కొక్కటే ముడిచాడు. మంగళవారం సాయంత్రం నేను వచ్చేసరికి గోడ మీద బుధవారం ఉంది. ఎల్లుండి అంటే బుధవారం నుంచి లెక్కపెట్టాడు మహానుభావుడు. నేనాయనకి రేపటాయన అని పేరు పెట్టింది అప్పుడే.

తప్పు ఒప్పుకున్నాడు. డబ్బు మొత్తం వెనక్కి ఇస్తానని కవరు కూడా ముందు పెట్టాడు. నేను ముట్టుకోలేదు.

"నాకు డబ్బు వద్దు. మా చెల్లెలికి ఉత్తరం రాయండి. తప్పు మీదని, నాది కాదని. మీ ఆఫీసు కాగితం మీద, ముద్ర వేసి."

"మీరే రాయొచ్చు కదమ్మా."

"నేను రాస్తే సాకంటుంది. మీరు రాస్తే సాక్ష్యం."

అక్కడ పీటముడి పడింది. నోటితో వందసార్లు ఒప్పుకుంటాడట గాని కాగితం మీద పెట్టడట. అది ఎవరి చేతిలోనైనా పడితే లైసెన్సు పోతుందట. సరే, చూద్దామన్నాను. రోజూ మధ్యాహ్నం షాపు మూసి వెళ్ళి ఆ కుర్చీలో కూర్చునేదాన్ని. మొదటి వారం అరిచాను. గోడకి చెప్పుకున్నా అది కాస్త మారుమోగేది. రెండో వారం చేతిపని తీసుకెళ్ళి కాజాలు కుట్టుకుంటూ కూర్చున్నాను. ఆయన టీ తెప్పించేవాడు. బొమ్మ విమానం తిరిగేది. గోడల మీది సముద్రాలు ఎండకి ఇంకొంచెం వెలిసేవి. నాకు కునుకు పట్టేది, కల మాత్రం మళ్ళీ రాలేదు. పదకొండేళ్ళు ఎలాగో గడిపేశాను గాని, ఈసారి కావాలనే రాలేదని అది అనుకుంటుందేమోనన్న ఊహ మాత్రం నా వల్ల కాలేదు. మళ్ళీ ఉత్తరం రాయదు. అది నా చెల్లెలే కదా, మొండితనంలో నాకేం తీసిపోదు.

ఇరవయ్యో రోజున ఆయన అడిగాడు. "అసలు మీ ఇద్దరికీ ఎందుకు చెడిందమ్మా?"

అప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతి, బొత్తం కుడుతూ కుడుతూ చెప్పేశాను. రెండు ఎడమచేతులు, నలుగురి ముందు నేనన్న మాట, అన్నీ.

"మరి ఆ కోటు ఏమైంది?"

"మిగిలిన ముక్కల్లో వెతికితే ఇంకో చేతికి సరిపడా బట్ట దొరికింది. చంక కింద చిన్న అతుకు. ఆ పెద్దాయన మెచ్చుకుని మరీ తీసుకెళ్ళాడు."

"అంటే సరిచేసుకోగలిగిన తప్పేనన్నమాట," అన్నాడు రేపటాయన.

సూది వేలికి గుచ్చుకుంది. ఆయన నా వైపు చూడకుండా టైపు మిషను దగ్గరికి లాక్కుని కాగితం ఎక్కించాడు. మీ అక్కగారు ఎల్లుండి అన్నారు, నా క్యాలెండరు ఒక రోజు ముందుంది, గురువారానికి బదులు శుక్రవారానికి టికెట్టు ఇచ్చాను, తప్పు పూర్తిగా నాది, అని కొట్టాడు. ముద్ర వేసి, కవరులో పెట్టి, చెల్లెలి ఉత్తరం మీది అడ్రసు రాశాడు. ఆ కవరు నేనే తీసుకెళ్ళి డబ్బాలో వేశాను. ఆ సాయంత్రం దారిలో కనిపించినవాళ్ళందరితోనూ మంచిగా మాట్లాడానని మా ఆయన ఇప్పటికీ చెప్పి నవ్వుతాడు.

రెండు వారాల తర్వాత ఏజెంటు ఫోను చేశాడు. "మీరొకసారి రండమ్మా. జవాబు వచ్చింది."

వెళ్ళేసరికి నాలుగు దాటింది. ఆయన ఉత్తరం నా చేతిలో పెట్టాడు. ఆయన పేరునే వచ్చింది గాని, చూడగానే దస్తూరి తెలిసింది.

"అయ్యా, మీ ఉత్తరం అందింది. మా అక్క కోసం ఇంత శ్రమ తీసుకున్నారు, సంతోషం. ఆ గురువారం నేను నాలుగింటికి విమానం ఎక్కలేదు. నా ఉత్తరం ఆలస్యంగా అంది ఉంటుందని, మా అక్క ఒకరోజు వెనకగానైనా వస్తుందని అనిపించింది. రాత్రి ఆ గడియారం కిందే పడుకున్నాను. శుక్రవారం మా ఊరి విమానంలో దిగినవాళ్ళని ఒక్కొక్కరినీ చూశాను. సాయంత్రం దాకా ఉన్నాను. టికెట్టు శుక్రవారానికే ఇచ్చానని మీరు రాశారు. మరి మా అక్క శుక్రవారం ఎందుకు రాలేదో ఆమెనే అడిగి చెప్పగలరా?"

రెండోసారి చదివాను. బొమ్మ విమానం తిరుగుతూనే ఉంది. శుక్రవారం పన్నెండింటికి నేను ఎక్కడున్నానో నాకు తెలుసు. ఇదిగో, ఈ కుర్చీలో. నష్టపరిహారం అడగడానికి వచ్చి, నిద్రపోయి, గాజు తలుపుల దగ్గర ముఖాలు వెతుక్కుంటున్న నా చెల్లెల్ని చూశాను. అక్కడ ఆ వేళకి నా సీటు ఖాళీగా దిగింది. కౌంటరులో ఆ పిల్ల చెబుతూనే ఉంది, మీ సీటు మీకు ఉంటుందండి అని. ఏడుపు ఆగలేదు. ఎంతకాలమైందో అలా ఏడ్చి.

రేపటాయన ఏం చేయాలో తోచక సొరుగు తెరిచి, ఆ డబ్బు కవరు తీసి నా ముందు పెట్టాడు. "ఇప్పటికైనా ఇది తీసుకోండమ్మా. అంతా నా వల్లే."

"మీరు ఒక్క రోజే తప్పారు," అన్నాను. "అది సరిచేసుకోగలిగిన తప్పు. చింపింది నేను." కవరు ఆయన వైపు తోశాను. "దీనితో ఇంకో టికెట్టు రాయండి. తక్కువైతే ఇస్తాను. చెల్లెలి ఊరికి. అడ్రసు దాని ఉత్తరం మీదే ఉంది."

"ఏ రోజుకి?" అని అలవాటుగా గోడ వైపు తిరిగాడు. అక్కడ అప్పటికే రేపు వేలాడుతోంది.

నేను వంగి, బల్ల కింది బుట్టలోంచి ఉండగా చుట్టిన ఇవాళ్టి కాగితం తీశాను. మోకాలి మీద పెట్టి, ముడతలు పోయేదాకా అరచేత్తో సాపు చేశాను. తీసుకెళ్ళి ఆయన ముందు పరిచాను.

"ఇవాళ్టికి," అన్నాను.

"నాలుగు దాటిందమ్మా. ఇవాళ అయిపోయింది."

"అవలేదు," అన్నాను. "రాయండి."