రెండు వైపులా ఆయనే

సినిమా మొదలైన కాసేపటికే హాలు రెండు ముక్కలైంది.

శిలువ యుద్ధాల కథ అది. వందల ఏళ్ల కిందట ఒక పుణ్యనగరం కోసం సముద్రాలు దాటి వచ్చిన దండు ఒకటి, కోటగోడల మీద నిలబడి ఆ దండును అడ్డుకున్న దండు ఇంకొకటి. ఎక్కడో పరాయి భాషలో తీసిన సినిమాకి తెలుగు మాటలు అతికించి వదిలారు. తెర మీదవాళ్లకు కొట్టుకు చావడానికి ఏదో ఒక కారణం ఉంది. కింద కూర్చున్నవాళ్లకు అదీ అక్కర్లేకపోయింది. కుడివైపు కుర్చీల్లో కుర్రకారు వచ్చిన దండు పక్షం చేరింది, ఎడమవైపు కుర్రకారు కోట పక్షం. ఇటువాడు కూలితే అటు ఈలలు, అటువాడు కూలితే ఇటు ఈలలు. మధ్యలో ఉన్నవాళ్లు చెవులు మూసుకోలేక, లేచి పోలేక, ఇచ్చిన టికెట్ డబ్బులకు కట్టుబడి కూర్చున్నారు.

ఆ మధ్య వరసలోనే ఒక ఆడమనిషి కళ్లు మూసుకుని కూర్చుని ఉంది. ఆమె సినిమా చూడటానికి రాలేదు, వినడానికి వచ్చింది.

ఆమె భర్త గొంతు అమ్ముకుని బతికినవాడు. అంటే పాటగాడు కాదు, హీరోలకు మాట చెప్పేంత పెద్దవాడూ కాదు. డబ్బింగ్ సినిమాల్లో గుంపు కేకలు, మూలుగులు, ముఖ్యంగా చావు అరుపులు ఆయన వాటా. స్టూడియోలో అందరూ ‘చావులాయన’ అనేవారు. బాణం దిగితే పొట్టిగా ఒక ఎక్కిలి, కత్తి దిగితే సాగదీసిన రంపపు కోత, గోడ మీంచి పడితే దూరమైపోతూ సన్నబడే కేక. అన్నీ వేరువేరుగా పలికించేవాడు. కొత్తగా కాపురం పెట్టిన రోజుల్లో ఇంట్లో అరుపులు సాధన చేస్తుంటే పక్కవాటావాళ్లు తలుపు విరగ్గొట్టుకుని లోపలికొచ్చారు. చూస్తే ఈయన లుంగీ ఎగ్గట్టి గోడకు జారబడి ఉన్నాడు, ఈమె బియ్యం ఏరుకుంటోంది.

సాయంత్రం ఇంటికి రాగానే ఆమె అడిగే మొదటి మాట, “ఇవాళ ఎలా పోయారండీ?”

“సగం గుర్రాల కింద పడి, సగం నీళ్లలో మునిగి. కాస్త వేన్నీళ్లు పెట్టవే, రేపు మళ్లీ పోవాలి,” అనేవాడాయన.

అలాంటి మనిషికి ఈ సినిమాలో మొట్టమొదటిసారి ఒక మాట ఇచ్చారు. యుద్ధం ఆగిన సాయంత్రం, కోటలోపలి ముసలి నీళ్లవాడొకడు శవాల మధ్య తిత్తి మోసుకుని తిరుగుతుంటాడు. పగవాడి సైనికుడొకడు కొన ఊపిరితో నీళ్లు అడుగుతాడు. ముసలివాడు గిన్నె అతని నోటికి ఆనించి అంటాడు, “తాగు నాయనా. నీళ్లకు మనవాళ్లనీ పగవాళ్లనీ తెలీదు.” అంతే. ఆ మాత్రానికి ఆ ఇల్లు పెళ్లిపందిరైంది. వారం రోజులు రాత్రీ పగలూ అదే సాధన. ఆయన నీళ్లవాడు, ఆమె చచ్చేవాడు. ఆమె చాప మీద పడుకుని “నీళ్లు” అనేది, ఆయన చెంబు పట్టుకుని వంగేవాడు. ఆమెకు నవ్వు ఆగేది కాదు.

“చచ్చేవాడు నవ్వకూడదే, పాపం నేను దయ చూపిస్తున్నాను,” అనేవాడు.

చివరికి ఆయనకు కిటుకు దొరికింది. ‘తాగు’ అనేది ముందు అనకూడదు. చెంబు అంచు పెదవికి తగిలేదాకా ఆగి, తగిలాక మెల్లిగా అనాలి.

రికార్డింగ్ నాడు ఆయన ఇంటికొచ్చేసరికి గొంతు పూర్తిగా పోయింది. “ఎలా వచ్చిందండీ?” అంటే గుసగుసగా, “బాగా వచ్చింది” అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు సైగలే, మరీ అవసరమైతే గరగరమని ఒక మాట. ఆ నెల తిరక్కుండానే ఛాతీలో నొప్పని మంచం పట్టినవాడు మళ్లీ లేవలేదు.

ఇంట్లో ఆయన ఫొటోలున్నాయి. గొంతు లేదు. బతికున్న మనిషి మాటను దాచిపెట్టుకోవాలని ఎవరికి తోస్తుంది? పెళ్లి వీడియోలో ఆయన పెదవులు కదులుతాయి కానీ బాజాల చప్పుడు తప్ప ఏమీ వినబడదు. అందుకే ఆ ఒక్క మాట కోసం ఆమె ఇన్ని నెలలు ఎదురుచూసింది. పక్కన తోడుగా మరిది ఉన్నాడు, లారీల షెడ్డులో మెకానిక్. చేతులు ఎంత రుద్దుకున్నా గోళ్లలో గ్రీజు పోలేదు.

మరిదికి సినిమా పిచ్చి. వదినకు తోడొచ్చానన్న సంగతి ఇట్టే మరిచిపోయాడు. కోట మీంచి ఒకడు తలకిందులుగా పడగానే రెండు వేళ్లు నోట్లో పెట్టి గట్టిగా ఈల వేశాడు.

“ఒరేయ్ అబ్బాయ్,” అంది ఆమె కళ్లు తెరవకుండానే. “ఆ అరిచింది మీ అన్నయ్య.”

మరిది వేళ్లు నోట్లోనే ఉండిపోయాయి. తెర మీద ఈసారి వచ్చిన దండులో ఒకడు బాణం తగిలి ఒరిగాడు. ఎడమవైపు చప్పట్లు మోగాయి.

“ఇదో వదినా?”

“అదీ ఆయనే.”

“మరి ఆ గుర్రం కింద పడ్డవాడు?”

“ఆయనే. ఇటువాళ్లూ ఆయనే, అటువాళ్లూ ఆయనే. వాళ్లకు మనిషికొక గొంతు పెట్టేంత తాహతు ఎక్కడిది?”

కుడివైపు ఈల వేసినా ఎడమవైపు వేసినా, ఇక ఆ ఈల తన ఇంటి గడప మీద పడుతున్నట్టే మరిది ముడుచుకున్నాడు. వెనక ఎవడో “చావు, ఇంకా చావు” అని అరుస్తుంటే లేవబోయాడు. ఆమె మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. “వాళ్లకేం తెలుసు? కూర్చో. ఇప్పుడొస్తుంది.”

యుద్ధం ఆగింది. గాలి చప్పుడు, కాకుల చప్పుడు. నీళ్లతిత్తి చప్పుడు దగ్గరికి వస్తోంది. ఆమె చెవులు రిక్కించింది. వెనక గోలలో సైనికుడు ఏదో గొణిగాడు. దాని మీద ఆమెకు ధ్యాస లేదు. గిన్నె అంచు తగిలిన చప్పుడైంది. సరిగ్గా ఆగాల్సినంతే ఆగి, అప్పుడు మాట వచ్చింది.

“తాగు నాయనా. నీళ్లకు మనవాళ్లనీ పగవాళ్లనీ తెలీదు.”

నిండుగా, గుండ్రంగా, నెయ్యి పోసినట్టున్న గొంతు. అంత అల్లరి హాలూ ఆ మాటకు చల్లబడింది. ముందువరసలో ఒక పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఆమె కళ్లు తెరిచింది. ఆ గొంతు ఆయనది కాదు.

బయట సైకిల్ స్టాండు దగ్గర అందరి నోటా అదే ముచ్చట. సినిమా మరీ సాగిందని ఒకడు, చరిత్రంతా తలకిందులు చేశారని ఇంకొకడు, మావాళ్లను దొంగల్లా చూపించారని అటువాడు, మావాళ్లను మరీ అంతమందిని చంపాలా అని ఇటువాడు. ఒక్క విషయంలో మాత్రం అందరూ కలిశారు.

“ఆ నీళ్ల ముసలాడి మాటకే డబ్బులు గిట్టాయి బాబాయ్. ఏం గొంతు అది!”

“అవును. అరుపులే మరీ ఎక్కువయ్యాయి. చెవులు చిల్లులు పడ్డాయి.”

మరిది బండి తీస్తూ వదిన ముఖం చూడలేకపోయాడు.

ఆమె పనిచేసేది లాడ్జీల దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే చోట. ఆవిరితో నిండిన గది, ఎటు చూసినా తెల్లటి గుడ్డ. మర్నాడు దుప్పటి చెరో కొసా పట్టుకుని, దులిపి, ఒకరి వైపు ఒకరు నడిచొచ్చి మడత కలిపేటప్పుడు ఇస్త్రీ పెద్దామె అంది, “మా పిల్లలు నిన్ననే చూసొచ్చారే. మీ ఆయన మాటకు మా పెద్దాడు ఏడ్చాడంట. ఎప్పుడూ గుడ్లు మిటకరించి కూర్చునేవాడు వాడు. మహానుభావుడు, పోతూ పోతూ మంచి మాట చెప్పి పోయాడు.”

తన నోటితో తనే ఊరంతా చెప్పుకుంది, మా ఆయనకు మాట ఇచ్చారని. దుప్పటి కొసలు పెద్దామె చేతికిచ్చి కిందికి వంగి మడత అందుకుంది. వంగినప్పుడు ముఖం కనబడదు.

మధ్యాహ్నం సెలవడిగి స్టూడియోకి వెళ్లింది. చిన్న గది, గోడలకు పాత తివాచీలు, ఫ్యాను తిరిగితే చప్పుడని ఫ్యానే పెట్టలేదు. అద్దం అవతల మైకు ఒంటికాలి మీద నిలబడి ఉంది. రికార్డింగ్ చూసే సౌండాయన ఆమెను చూడగానే మెడలో హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాడు.

“కూర్చో చెల్లెమ్మా. సినిమా చూశావా?”

“విన్నానన్నయ్యగారూ. ఆ మాట ఆయనది కాదు.”

సౌండాయన కాసేపు బల్ల మీది దుమ్ము వేలితో గీశాడు. “మా దగ్గర ఒక పద్ధతుంది. మాటలు ముందు, చావులు ఆఖర్న. చావులు అరిచాక గొంతు మర్నాటిదాకా దేనికీ పనికిరాదు. ఆ రోజు హీరోకి చెప్పేవాడు ఆలస్యంగా వస్తానన్నాడు, వాడొచ్చాకే మాటలన్నీ వరసగా చేద్దామన్నారు పైవాళ్లు. గది ఖాళీగా ఉంచలేక, చావులు ముందు కానిచ్చేద్దామా అని మీ ఆయన్ని అడిగాను. తప్పు నాదే. ఆయన ఒక్కసారి కాదంటే ఆగేవాణ్ణి. ‘దానికేముంది సార్, చచ్చేద్దాం’ అన్నాడు.”

“ఆయనకు కాదనడం రాదు,” అంది ఆమె.

“రాదు. పొద్దున్నించీ రెండు దండులకూ ఒక్కడే చచ్చాడు. తీరా మాట దగ్గరికొచ్చేసరికి రేకు మీద రాయి గీసినట్టుంది గొంతు. వేన్నీళ్లు తాగాడు, తేనె నాకాడు, గంట ఆగి మళ్లీ చూశాడు. లాభం లేకపోయింది. సినిమా మర్నాడే సెన్సారుకి ఇచ్చేయాలి. ఇంకొకతన్ని పిలిపించాను.”

“ఈయన వెళ్లిపోయారా?”

“వెళ్లుంటే బాగుండేది. ఆ బెంచీ మీదే కూర్చున్నాడు. వచ్చినతను గబగబా అనేస్తుంటే, లేచెళ్లి సైగ చేసి ఆపాడు. గ్లాసు అతని పెదవికి ఆనించి, ఇదిగో తగిలాక అను, ముందు కాదు అని గొంతు లేకుండానే నేర్పించాడు. అతను ఆగిన ఆ లెక్క మీ ఆయనదే. ఇంట్లో మాత్రం చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు.”

ఆమె ఆ బెంచీ వైపు చూసింది. రెక్సిన్ చిరిగి లోపలి పీచు కనబడుతోంది.

“ఆయన అన్న ఆ నాలుగు ముక్కలూ ఉన్నాయా?” అంది.

“లేవమ్మా. పనికిరానివి దాచం, అప్పుడే చెరిపేస్తాం. కానీ ఒకటి ఉంచాను. ఆ చచ్చే సైనికుడు నీళ్లు అడుగుతాడు చూడు. అది మీ ఆయనే. ఆ గొంతుతో మరొకడు అడగలేడు. ఈసారి పోసేవాణ్ణి వదిలేయ్. అడిగేవాణ్ణి విను.”

మళ్లీ వెళ్లేసరికి సినిమా ఎత్తేసే రోజు వచ్చింది. మధ్యాహ్నం ఆట. ఈలలు వేసిన పక్షాలు రెండూ వేరే సినిమాకి వలస పోయాయి. హాల్లో ఎండ తప్పించుకోవడానికి వచ్చినవాళ్లు కొందరు, నిద్రపోతున్నవాడొకడు. మరిది షెడ్డు నుంచి నేరుగా వచ్చి పక్కన కూర్చున్నాడు.

గోల లేకపోవడంతో ప్రతి అరుపూ విడివిడిగా వినబడింది. బాణానికి ఎక్కిలి, కత్తికి కోత. ఎవడూ చప్పట్లు కొట్టలేదు. తమకు మాత్రమే తెలిసిన ఒక మనిషి అటూ ఇటూ అదేపనిగా చచ్చిపోతుంటే వదినా మరిదీ నోరెత్తకుండా విన్నారు. ఒక దగ్గర మరిది తల వంచుకుని, “ఇక చాలు అన్నయ్యా,” అన్నాడు తనలో తను.

యుద్ధం ఆగింది. గాలి, కాకులు, తిత్తి చప్పుడు. ఆమె కళ్లు మూసుకుంది.

“నీళ్లు...”

అంతే. రేకు మీద రాయి గీసినట్టు. ఆఖరి రోజుల్లో మంచం మీంచి వినబడినట్టే, ఇసుమంతైనా తేడా లేదు. అప్పుడు అరుపులు అరిచి తెచ్చుకున్నారని విసుక్కుంటూ చెంబు ఇచ్చేది. ఏం పోగొట్టుకొచ్చాడో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు.

గిన్నె అంచు పెదవికి తగిలింది. అంతదాకా ఆగి, తెర మీద నీళ్లవాడు నోరు తెరవడమూ, హాల్లో ఆమె నోరు తెరవడమూ ఒకసారే అయ్యాయి.

“తాగు నాయనా,” అంది పైకే. “నీళ్లకు మనవాళ్లనీ పగవాళ్లనీ తెలీదు.”

ముందువరసలో ఒకాయన చిరాకుగా వెనక్కి తిరిగాడు. “ఏంటమ్మా ఇది, సినిమా చూడనిస్తారా?”

“ఒక్క నిమిషం సార్,” అన్నాడు మరిది. “అయిపోవచ్చింది.”

ఆమె కదల్లేదు. తెర మీద గుటక పడిన చప్పుడైంది. ఇంకొకటి. మూడోది సగంలో ఆగిపోయింది. అది ఆగేదాకా విని, అప్పుడు కళ్లు తెరిచింది. ఎవరో పరాయి మనిషి, గడ్డంలో మట్టి, నోరు తెరుచుకుని ఇసుకలో పడి ఉన్నాడు. ఆ ముఖం ఆమెకు ఏమీ కాదు. గిన్నెలో మిగిలిన నీళ్లు అతని పక్కనే ఒలికిపోతున్నాయి.