గుర్రం దుప్పటి

"ఈ ఎండకు ఈ ఇంట్ల ఎవలకో ఒకలకు ఏమన్న అయితది, చూస్తుండున్రి," అన్నాను చాట ఒళ్లో పెట్టుకుని బీడీల తునికాకు కత్తిరిస్తూ.

అప్పటికింకా ఏమీ కాలేదు. పొద్దున పదకొండు కూడా కాలేదు. నా బిడ్డ అమృత గోడకు ఆనుకుని వచ్చే ఏటి ఇంటర్ పుస్తకం ముందే తెచ్చుకుని చదువుకుంటోంది. మా అత్త లచ్చవ్వ కొంగు పరచుకుని గడప పక్కన పడుకుని ఉంది.

"నీ నోట్ల ఎన్నడన్న మంచిమాట అచ్చిందానే?" అంది అత్త కళ్లు తెరవకుండానే. "పొద్దుందాక శకునం పలుకుడే."

నిజమే. నాకు అన్నిటికీ భయమే. కుక్కర్ కూత పెట్టకపోతే పేలుతుందని భయం, పెడితే గ్యాస్ అయిపోతుందని భయం. కానీ ఎండ గురించిన భయం అట్లాంటిది కాదు. మాది రేకుల ఇల్లు. సిరిసిల్లలో ఎండాకాలం మా రేకుల కింద కూర్చుంటే పెనం మీద రొట్టెకు పైన మూత పెట్టినట్టే. ఫ్యాన్ లేక కాదు, ఉంది. బీడీలు చేసే ఇంట్లో పగలు ఫ్యాన్ తిరగదు. తిరిగితే చాటలో తంబాకు ఎగిరి కళ్లలో పడుతుంది. రాత్రంతా తడిపి మెత్తబరిచిన ఆకు పెళుసుబారి, చుట్టబోతే పగులుతుంది. పగిలిన బీడీని కార్ఖానాలో టేకేదారు ఏరి పక్కకు విసిరేస్తాడు. అందుకని ఆకు ఎండకుండా ఉండాలని మనుషులం ఎండుతాం.

ఇల్లు మారుదామని మూడు ఎండాకాలాల నుంచి చెబుతున్నాను. మొదటి ఏడు మా ఆయన ఫోన్‌లో "వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు. రెండో ఏడు "ఊరంత భరిస్తలేదా, నీకే పుట్టిందా ఎండ?" అన్నాడు. మూడో ఏడు అత్త అంది. "గీ ఇంట్లనే నేను ముగ్గురిని కన్న. నాకు లేని ఉడ్క నీకేడికెళ్లి అచ్చింది? కోరుట్లల మీ అవ్వగారింట్ల ఏసీలున్నయా?" మా అమ్మగారింట్లో ఏసీలు లేవు. బీడీలే ఉన్నాయి. నేను నోరు మూసుకుని గోనెసంచులు తడిపి రేకుల మీద వేసుకున్నాను.

పన్నెండు దాటాక అమృత పుస్తకం మీద ఎర్రటి చుక్క పడింది. తర్వాత ఇంకోటి. పిల్ల ముక్కు పట్టుకుని, నేను భయపడతానని చప్పుడు చేయకుండా కూర్చుంది. లేపి తడిగుడ్డ నెత్తిన వేసేసరికి దాని కాళ్లు రెండూ మడతపడ్డాయి. పొద్దున నేనన్న మాటే నిజమైంది. "బిడ్డా, అమృతా, ఇటు సూడే," అంటూ చెంపలు తట్టాను. అత్త లేచి వచ్చి ఉల్లిగడ్డ పగలగొట్టి ముక్కు దగ్గర పెట్టింది. పిల్ల కళ్లు తెరిచింది. అత్త వెళ్లి మళ్లీ గడప పక్కనే పడుకుంది.

ఆ రోజు శుక్రవారం. శుక్రవారం పగటిపూట మా ఆయన ఖతార్ నుంచి వీడియో కాల్ చేస్తాడు.

మా ఆయన పేరు జలపతి. పనిచేసే మగ్గాలు బంద్ పడ్డ ఏడాది ఖతార్ పోయాడు. జగిత్యాలలో ఏజెంటు "గుర్రాల కాడ పనున్నది, నీకు గుర్రాలు ఎరికేనా?" అని అడిగితే "పెండ్లిలల్ల చూసిన" అన్నాడట. ఎనిమిదేళ్లయింది. ఇప్పుడు ఒక సేటుకున్న గుర్రాల్లో ఒక్కదాన్నే చూసుకుంటాడు. దాని పేరు గజాలా. ఆడగుర్రం. సేటు బిడ్డ దాని మీద సవారీ చేస్తుంది. ఆ పిల్లదీ అమృత ఈడే.

చెప్పుకుంటే నవ్వుతారు కానీ, నాకు ఆ గుర్రం మీద కుళ్లు. ఆడమనిషి మీద కుళ్లితే లోకానికి అర్థమవుతుంది, ఇద్దరు ముగ్గురు వచ్చి నా పక్కన కూర్చుని ముక్కు చీదుతారు. గుర్రం మీద కుళ్లితే ఎవరితో చెప్పుకోను? ఫోన్‌లో ఆయన గొంతు "అన్నం తిన్నరా, పైసలు ముట్టినయా" అనేటప్పుడు ఒక తీరుగా ఉంటుంది. గజాలా మాట రాగానే మెత్తబడుతుంది. దాన్ని రోజుకు మూడుసార్లు కడుగుతారు. అది ఉండే గదిలో ఏసీ ఉంది. నెలన్నరకోసారి కాళ్లకు కొత్త నాడాలు. పళ్లకు వేరే డాక్టరు. ఒకసారి దానికి కడుపునొప్పి వస్తే మూడు దినాలు దాని పక్కనే కూర్చున్నానని చెప్పాడు. నాకు గర్భసంచి తీసినప్పుడు "లీవు దొరకలే, మీ అక్కను పిల్సుకో" అన్నాడు. "గజాలా నిలవడే నిద్రపోతది తెలుసా? ఒక కాలు మెల్లగ వంచుతది, గప్పుడు నాకర్థమైతది," అన్నాడు ఒకసారి. పొయ్యి ముందు, నల్లా దగ్గర, టేకేదారు ముందు వరుసలో నేను ఎన్నేళ్ల నుంచి నిలబడి నిద్రపోతున్నానో, ఏ కాలు వంచుతానో ఆయనకు తెలియదు. అడిగితే "గుర్రంతోని పోటీ పెట్టుకుంటవా?" అని నవ్వుతాడు. పెట్టుకున్నాను. ఓడిపోయాను కూడా.

ఈ దసరాకు పూర్తిగా వచ్చేస్తానన్నాడు. వచ్చాకే ఇల్లు సంగతి అన్నాడు. ఆ మాట పట్టుకునే ఈ ఎండాకాలం గడుపుతున్నాను.

ఫోన్ మోగింది. అమృత చాప మీదే పడుకుని ఫోన్ పట్టుకుంది. నేను పక్కన కూర్చున్నాను.

"బిడ్డా, గిట్ల పండుకున్నవేంది?" అన్నాడు.

"ముక్కుల రక్తం అచ్చింది బాపూ. కండ్లు తిరిగినయి."

"నీళ్లు తాగాలె బిడ్డా మంచిగ. ఎండకాలం కదా," అన్నాడు. వెంటనే నన్ను చూసి, "ఇగో, ఒక ముచ్చట చెప్పాలె. దసరాకు అచ్చుడు కాదు. సేటు బిడ్డ పోర్చుగల్ అనే దేశం పోతున్నది. గజాలాను ఇమానంల తీస్కపోతున్నరు. నన్ను సుత దానెంబడి రమ్మంటున్నరు. ఇంకో రెండేండ్లు."

"అక్కడేం పని?" అన్నాను.

"పనేం లేదే. ఈడ ఎండలకు ఆరు నెల్లు గుర్రాన్ని బయటకు తీయరాదు. ఆడ ఏడాది పొడుగూత ఎండ గాదు, సలి గాదట. పన్నెండు నెల్లు బయటనే సవారీ చేస్తరట. గందుకే ఇల్లే మారుస్తున్నరు."

ఆ మాట నా చెవిలో పడి అక్కడే ఆగిపోయింది. ఇల్లే మారుస్తున్నరు. మూడేళ్ల నుంచి నేనడిగిన మాట అదే.

"ఇగో చూడు, ప్రయాణానికి తయారు చేసిన," అని ఆయన ఫోన్ తిప్పాడు. తెర నిండా గజాలా. గోధుమరంగు, నూనె రాసినట్టు మెరుస్తోంది. దాని వీపు మీద ఎర్ర దుప్పటి. నీలం అంచు, అంచుకు రెండు పట్టీలు, పట్టీలకు ఇత్తడి బకిల్. "ఇమానంల సల్లగుంటది కదా, గందుకే కప్పిన."

అమృత ముందు దుప్పటిని చూసింది. తర్వాత నన్ను చూసింది. తర్వాత అట్ల నీరసంగా పడుకునే పకపకా నవ్వడం మొదలుపెట్టింది. "అమ్మా, మన దుప్పటే! మనం గుర్రం దుప్పటి కప్పుకున్నమే!"

రెండేళ్ల క్రితం, అక్కడే పనిచేసే ముస్తాబాద్ గోవర్ధన్ ఖతార్ నుంచి వస్తూ ఆయన పంపిన దుప్పటి తెచ్చి ఇచ్చాడు. అచ్చం అదే. ఎర్రది, నీలం అంచు, రెండు పట్టీలు, బకిల్. మా వాడలో అట్లాంటిది ఎవరికీ రాలేదు. "గివెందుకు?" అని అందరూ పట్టీలు పట్టుకుని చూస్తే, "దండెం మీదికెళ్లి జారకుంట కట్టుకునేటందుకు. ఫారిన్‌ది కదా," అని అత్తే చెప్పింది. మా బంధువుల పెళ్లిలో పెళ్లికొడుకు కింద పరిచింది కూడా దాన్నే. నేను కలరా ఉండలు వేసి పెట్టెలో దాచాను. చలికాలం ఒక్కోసారి తీసి ముఖానికి ఆనించుకునేదాన్ని. ఏదో కొత్త వాసన వచ్చేది. ఆయన వాసనే కాబోలు అనుకునేదాన్ని.

"పాతదే గాని మంచిగున్నది. పారేస్తుంటే నేనే ఉతికి పంపిన," అన్నాడు ఆయన. ఆయన గొంతులో సిగ్గు లేదు. గొప్పగా కూడా లేదు. అదే నాకు ఎక్కువ మంట పెట్టింది.

నేను అమృత చేతిలోంచి ఫోన్ తీసుకున్నాను. "ఒక మాట చెప్పు. ఉడ్కపోస్తున్నదని గా గుర్రం నీతోని చెప్పిందా?"

"నీకేమన్న పిచ్చా? నోరులేని జీవి, అది చెప్తదా? మనమే మొఖం చూసి అర్థం చేసుకోవాలె. ముక్కుపుటాలు చూస్తె తెలుస్తది, కండ్లు చూస్తె తెలుస్తది."

ఫోన్‌ను నా ముఖానికి ఎదురుగా పెట్టుకున్నాను. నుదుటి మీద చెమట, కొంగుకు అంటిన తంబాకు పొడి, పిల్ల ముక్కు తుడిచిన రక్తం మరక. అన్నీ కనిపించేంత దగ్గరగా పెట్టాను. "చూసి చెప్పు."

ఆయన చూశాడు. చాలాసేపు చూసినట్టే అనిపించింది. "నెట్ మంచిగొస్తలేదే," అన్నాడు. కాల్ కట్ అయింది. అయిందో, చేశాడో నాకు తెలియదు.

అత్త గడప పక్కనే ఉంది. అంతా వింది. కళ్లు మాత్రం తెరవలేదు.

మరునాడు పొద్దున కార్ఖానాకు బీడీలు ఇచ్చి వస్తూ ఎల్లవ్వ ఇంటి ముందు ఆగాను. మా ఇంటికి మూడు గల్లీల అవతల. ఎల్లవ్వ ఒంటరి ముసలిది, నాతోపాటే బీడీలు చేస్తుంది. పాత గూనపెంకుల ఇల్లు, మూరెడు మందం మట్టిగోడలు. వెనుక గది ఖాళీగా ఉందని పోయిన ఏడే చెప్పింది. లోపలికి పోతే కాళ్ల కింద నేల చల్లగా తగిలింది. కానీ నేను నా కాళ్లను నమ్మను. భయపడే మనిషికి తన ఒళ్లు చెప్పింది కూడా అబద్ధమే అనిపిస్తుంది. నాకు తెలిసిన పరీక్ష ఒక్కటే. తడి ఆకు కట్ట ఒకటి విప్పి ఆ గదిలో కిటికీ కింద నేల మీద పరిచి వచ్చాను.

"ఏందే హేమలతా, ముగ్గేస్తున్నవా?" అంది ఎల్లవ్వ.

"సాయంత్రం అచ్చి చూస్తనవ్వా."

మా ఇంట్లో తడిగుడ్డ కప్పకపోతే మధ్యాహ్నానికి ఆకు అప్పడమవుతుంది. సాయంత్రం పోయి ఎల్లవ్వ గదిలో ఆకును వేలికి చుట్టి చూశాను. చుట్టుకుంది. ఎక్కడా పగల్లేదు. నాకు ఏడుపొచ్చింది. సముద్రం దాటి ఇమానంలో పోతే గజాలాకు దొరికే చల్లదనం నాకు మూడు గల్లీల అవతల ఉంది. ఇన్నేళ్లు ఎవరో ఒకరు "పో" అంటారని కూర్చున్నాను.

ఎల్లవ్వతో కిరాయి మాట్లాడుకుని, ఇంటికి వచ్చి అత్తకు చెప్పాను. "అత్తా, బుధవారం నేనూ అమృత ఎల్లవ్వ ఇంట్లకు పోతున్నం. బీడీల పైసలల్లనే కిరాయి ఎల్తది. నువ్వు సుత రా."

అత్త తిడుతుందనుకున్నాను. ఇంటి పరువు, కొడుకు పరువు, కోరుట్ల వాళ్ల బుద్ధి అన్నీ వరుసగా వస్తాయని తయారుగా ఉన్నాను. ఒక్క మాట అనలేదు. ఆ పూట నుంచి నాతో మాటే మానేసింది. అన్నం పెడితే తింది. చెంబు ఇస్తే తీసుకుంది. మొగుడు పోయినప్పుడు కూడా రెండు దినాల్లో నోరు తెరిచిన మనిషి నాలుగు దినాలు నోరు తెరవలేదు. నా మనసు ఊరుకుంటుందా? కొడుక్కు ఫోన్ చేసిందేమో. పంచాయితీ పెట్టిస్తుందేమో. మేం పోయాక ఈ రేకుల కింద ఒక్కతే పడిపోతే, "కోడలే చంపింది" అని వాడంతా అంటుందేమో. ఆ చివరి భయానికి మాత్రం ఒక పని చేశాను. మంగళవారం పొద్దున పెట్టె తెరిచి ఎర్ర దుప్పటి తీసి, నల్లా కింద నిండా తడిపి, నిచ్చెన వేసుకుని అత్త పడుకునే చోటికి సరిగ్గా పైన రేకుల మీద పరిచాను. గోనెసంచుల కంటే మందం కదా, తొందరగా ఆరదు. పట్టీలు కూడా పనికొచ్చాయి. గాలికి ఎగరకుండా కొయ్యకు కట్టాను. వాడకంతా గొప్పగా చూపించుకున్న దుప్పటి రేకుల మీద నీళ్లు కారుతుంటే అత్త వాకిట్లో నిలబడి చూసింది.

బుధవారం. అమృత పుస్తకాల సంచి, బియ్యం డబ్బా ముందే చేరవేసింది. నేను చాట, కత్తెర, మూట సర్దుకున్నాను. ఫోన్ రెండుసార్లు మోగింది. ఎత్తితే "ఎవర్నడిగి?" అంటాడు. ఎత్తకపోతే భయం. అది మోగి మోగి ఆగేదాకా భయపడ్డాను, కానీ ఎత్తలేదు.

"బాపమ్మా, రావే," అంది అమృత. అత్త గోడవైపు తిరిగి కూర్చుంది.

ముఖం చూసి అర్థం చేసుకోవాలి అన్నాడు కదా ఆయన. ఇరవై ఏళ్లలో మొదటిసారి అత్త ముఖం దగ్గరగా చూశాను. మెడ నిండా చెమటకాయలు. ముడతల లోపల పాతవి, నల్లబడ్డవి. ఈ రేకుల కింద ముగ్గురిని కన్న మనిషి.

మూటలోంచి ఒక ఆకు తీశాను. నిన్న మళ్లీ ఎల్లవ్వ గదిలో పరిచి తెచ్చిన వాటిలోది. అత్త చేతిలో పెట్టాను. "మొత్తం దినం ఎల్లవ్వ ఇంట్ల కిటికీ కింద ఉన్నది. గుడ్డ కప్పలే," అన్నాను. అంతే. చాట నెత్తిన పెట్టుకుని గడప దాటాను.

అత్త కూడా ఒకప్పుడు బీడీలు చేసిందే. వెనక్కి తిరిగి చూస్తే ఆకును చూపుడువేలికి చుట్టుకుంటోంది. విప్పింది. మళ్లీ చుట్టింది. అవతల గల్లీలో మగ్గాల చప్పుడు ఆగకుండా వస్తోంది. నేను వాకిలి దాటి రోడ్డు మీదికి వచ్చాను. పది అడుగులు వేశానో లేదో, వెనుక చేతికర్ర చప్పుడు.

"ఆగవే," అంది అత్త. నాలుగు దినాల తర్వాత వచ్చిన గొంతు, బొంగురుపోయి ఉంది. "ముందే చెప్తున్న. కిటికీ కాడ నేను పండుకుంట."