గోడ మీది నడవ

నేను క్యారియర్ మూత బిగిస్తుంటే, మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే అన్నారు: "సాయంత్రం తొందరగా వచ్చెయ్. అమ్మ ఒక్కతే ఉంటుంది. నువ్వు లేకపోతే ఆ నదేం ఆగిపోదులే."

క్యారియర్ సంచిలో పెట్టుకున్నాను. నాలుగు రోజులుగా గుండె దడ తగ్గలేదు. నది ఒడ్డున పాడుబడ్డ పాత సరుకుల గోదాముల్ని బాగుచేసి, జనం వచ్చి సేదతీరే చోటుగా మార్చే పనికి నేను ఇంజనీర్‌ని. "మా కోడలు గట్టు మీద బల్లలు వేయిస్తుంది" అని అత్తగారు చుట్టాలకు చెబుతుంది. నేను గీసిన నక్షాలు చూపిస్తూ మా పెద్దసారు విలేకరులతో "ఇది నా కల" అంటారు. అవన్నీ అలవాటైపోయాయి. నది అంచున గోదాముల్ని కాచే రాతిగోడలో పగులు మాత్రం అలవాటు కాలేదు. దాని మీద అడ్డంగా నేను అతికించిన గాజుపలక సోమవారం పుటుక్కున విరిగింది. అంటే గోడ ఇంకా నదివైపు జరుగుతోంది. రేపే ప్రారంభోత్సవం. నదిని చూడ్డానికి ఆ గోడ మీద కట్టిన నడవలోనే జనమంతా నిలబడతారు.

ఆఫీసులో పెద్దసారు, అంతా సురక్షితమని రాసున్న ఫైలు నా ముందుకు తోశారు. "వందేళ్ళు నిలబడ్డ గోడమ్మా అది! మీ ఆడవాళ్ళు గోరంత చూసి కొండంత చేస్తారు. సంతకం పెట్టు."

"నడవ ఒక్కటీ మూసేద్దాం సార్. మిగతాదంతా తెరుద్దాం."

"నడవ లేకపోతే చూపించడానికింకేముంది?"

పెన్ను మూత తీశాను. స్టవ్ కట్టేశానా లేదా అని మెట్ల మీంచి రెండుసార్లు వెనక్కెళ్ళే మనిషిని నేను. "నీకన్నీ అనుమానాలే" అనే మాట ఇంట్లో పదిహేనేళ్ళుగా వింటున్నాను. ఏది అసలు భయమో, ఏది వాళ్ళు నాకు నూరిపోసిన భయమో ఎలా తెలుస్తుంది? కానీ గాజుపలకకు అత్తగారు లేదు, మొగుడు లేడు. దానికి అనుమానం రాదు. అది విరిగిందంతే.

'నడవ సురక్షితం కాదు' అని రాసి, కింద సంతకం పెట్టాను. నకలు నేనే, జనం చేరే చోట్లకు అనుమతిచ్చే అగ్నిమాపక శాఖకు తీసుకెళ్ళి ఇచ్చాను. వాళ్ళొచ్చి నడవకు తాళం వేశారు. ప్రారంభోత్సవం లోపలి ఆవరణలోనే జరిగింది. నన్ను పిలవలేదు.

ప్రారంభోత్సవమైన తొమ్మిదో రోజు మిట్టమధ్యాహ్నం, గోదాముల ముందు పిల్లలు ఆడుకుంటుండగా, నడవతో సహా గోడ నదిలోకి జారిపోయింది. దాని మీద ఒక్క మనిషీ లేడు.

టీవీలో పెద్దసారు "ముందే జాగ్రత్తపడ్డాం" అంటున్నారు. మా ఆయన ఊపిరి పీల్చుకుని, "ఎంత అదృష్టం!" అన్నారు.

"అదృష్టం కాదండీ," అన్నాను. "నేను."