గీత లేచిన చోట

రోజారాణి మిథనాల్ సీసాను గాలిబుడగలు పోయేదాకా ఆడిస్తోంది. ఖమ్మం మార్కెట్ వెనక, మిరపలో పురుగుమందు ఉందో లేదో తేల్చే ఈ ల్యాబ్‌లో చేరినప్పటి నుంచి ఆమె పొద్దు ఇలాగే మొదలవుతుంది. మిరప ఘాటుకు కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి.

ఈ రోజు ట్రేలోని మిరప రసం సీసాల్లో ఒకటి అక్కది. బూర్గంపాడు నుంచి వచ్చిన రామక్క గుమ్మం బయట బల్ల మీద కూర్చుంది. పరాయి చేలల్లో మిరప కోసి చెల్లెల్ని డిగ్రీ చదివించిన మనిషి. చేతుల మంటకు రాత్రుళ్లు మజ్జిగలో వేళ్లు ముంచుకుని పడుకునేది. ఈ ఏడే మొదటిసారి చేను కౌలుకు పట్టి సొంతంగా పంట వేసింది. పరీక్షలో మందు తేలితే సరుకు ముట్టనని వ్యాపారి ముందే చెప్పాడు.

"గింత కారం తాగి మీ మిషన్ తుమ్మదా, చెల్లె?"

"నువ్వు కూసో అక్కా."

మిషన్ లోపల చిటికెన వేలంత ఉక్కు గొట్టం. నిండా సన్నని పొడి, రేణువు రేణువుకూ జిడ్డు పూత. నీళ్లూ మిథనాలూ కలిసి మిరప రసాన్ని అందులోంచి తోస్తాయి. నీటికి ఇష్టమైనవి ఆగకుండా బయటపడతాయి. జిడ్డుకు ఇష్టమైనవి పూతను కరుచుకుంటాయి. మిథనాల్ పాలు పెంచేకొద్దీ ఒక్కొక్కటే పట్టు వదులుతాయి.

తెర మీద గీత చాలాసేపు నేలబారుగా పాకింది. గుళికల మందు రావాల్సిన చోట నిటారుగా లేచింది.

గొట్టం కడిగి మళ్లీ ఎక్కించింది. మళ్లీ అక్కడే లేచింది.

"చేన్ల గుళికలు చల్లినవా అక్కా?"

"చేన్ల చల్లలే. అడివి పందులకని గుళికల నీళ్లల్ల పాత చీరెలు ముంచి చుట్టూ కట్టిన. ఆ వాసనకు రావు గద."

"మరి కళ్లంల కాయ దేంతో కప్పినవ్?"

రామక్క తల వంచుకుంది.

"మంచు పడ్డది. పట్టా లేకపాయె. ఆ చీరెలే ఇప్పి కప్పిన." చెల్లెలి ముఖంలోకి చూసింది. "నా పేరు మీద ఇంకొకరి సీసా పెట్టరాదు?"

రోజారాణి లోపలికి వెళ్లింది. తల్లాడ రైతు సీసా ట్రేలోనే ఉంది. అతని సరుకులో మందు లేదు. దాన్ని గుప్పిట్లో పట్టుకుని, గాజు వెచ్చబడేదాకా నిలబడింది. మళ్లీ దాని గుంటలోనే పెట్టింది.

బయటికి వచ్చి తల అడ్డంగా ఊపింది.

"పందులు తిన్నా బాగుండు," అంది రామక్క. కొంగు దోపుకుని లేచింది. "బొగ్గు బాయిల దిక్కు పోత. ఏదో ఒక కూలి దొరుకుతది. నువ్వు నన్ను లెంకుకుంట రాకు."

వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు.

సాయంత్రం తాళం వేస్తుంటే బల్ల కింద స్టీలు క్యాను కనిపించింది. చెల్లెలి ఇంటికని అక్క ఆ కాయనే దంచి తెచ్చిన కొత్త కారం, మూత దాకా ఒత్తి నింపి ఉంది.