డబ్బాలో దిగిన ఆయిల్

కారు మీటర్ల దగ్గర వెలిగిన బ్రేక్ లైటు ఆరట్లేదు, ఇంకో రెండు గంటల్లో బావ అక్కనీ పసిదాన్నీ ఎక్కించుకుని కొండ దిగాలి! హ్యాండ్‌బ్రేక్ దించే ఉంది. బానెట్ ఎత్తితే డబ్బాలో బ్రేక్ ఆయిల్ కింది గీత కన్నా తగ్గింది.

“కాస్త పోసేస్తే ఆరిపోతుంది కదా అత్తయ్యా,” అన్నాడు బావ, సీసా పట్టుకుని.

మెకానిక్ పిన్ని కారు కిందికి దూరి చూసొచ్చింది. “హెచ్చరించే లైటు నోరు నొక్కేస్తావా అల్లుడూ? ఎక్కడా చుక్క కారలేదు. బ్రేక్ ప్యాడ్లు అరిగేకొద్దీ ఆయిల్ అటు దిగింది. ముందు చక్రాల ప్యాడ్లు అయిపోయుంటాయి.”

చక్రం ఇంకా విప్పనే లేదండీ! విప్పితే ప్యాడ్ నిజంగా నా గోరంత మందమే. బావ మొహం పాలిపోయింది.

కొత్తవి పెట్టడానికి పిన్ని ప్యాడ్లని నెట్టే పిస్టన్లని వెనక్కి నొక్కుతుంటే, అబ్బ, చుక్క పోయకుండానే డబ్బాలో ఆయిల్ మెల్లగా పైకి లేచింది! లైటు ఆరింది. బావ సీసా మూత కూడా తీయలేదు.